ఆరని గిటార్

ముక్కుగారి ముక్కు ఒప్పుకోనిదే ఆ షాపులోంచి గిటార్ బయటికి రాదు. కచేరీ ఉందని బతిమాలినా, రైలు టైమైందని తొందరపెట్టినా, కౌంటర్ మీద చెయ్యి చరిచినా అంతే. ఆయన తీరిగ్గా లేచి కొక్కేనికి వేలాడుతున్న గిటార్ దగ్గరికి వెళ్తాడు. కళ్ళు మూసుకుంటాడు. ముక్కు దాని ఒంటికి తగిలీ తగలనట్టు పెట్టి, మెడ దగ్గర్నుంచి అడుగుదాకా ఒక నిండు ఊపిరి పీలుస్తాడు. తర్వాత కళ్ళు తెరిచి, పేషెంటు బంధువులతో మాట్లాడే డాక్టరులాగా తల అడ్డంగా ఊపుతాడు.

"వాసన పోలేదు," అంటాడు. ఇక మనం ఇంటికెళ్ళి అన్నం తిని పడుకోవచ్చు.

ఆయనకి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ ఆ వీధిలో దాన్ని ఎవరూ వాడరు. పాత ఎలక్ట్రిక్ గిటార్లని బాగుచెయ్యడం ఆయన పని. రంగు గీకేస్తాడు, చెక్కని నున్నగా రుద్దుతాడు, లోపల తెగిన వైర్లు అతికిస్తాడు, మళ్ళీ రంగేసి పైన మెరుపుకి లక్కర్ కొడతాడు. లక్కర్ ఆరడమంటే దండెం మీద బట్టలు ఆరడం కాదు. పైకి గలగల్లాడుతూ ఉంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఆత్రం కొద్దీ ఒళ్ళో పెట్టుకుని వాయించామా, చొక్కా గుడ్డ నేత మొత్తం దాని మీద అచ్చు పడిపోతుంది. వాసన పూర్తిగా పోతేనే ఆరినట్టు లెక్క. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. మిగతా వాళ్ళ ముక్కుకి వేసవి సగంలో పోయే వాసన ఈయన ముక్కుకి వానలు వచ్చినా పోదు, అదీ గొడవ.

ఈ గొడవంతా పడేది బావమరిది. ముక్కుగారి భార్యకి సొంత తమ్ముడు. షాపు ముందు భాగంలో కౌంటర్ అతనిది. తీగలు అమ్ముతాడు, బెల్టులు అమ్ముతాడు, ఆర్డర్లు తీసుకుంటాడు, అన్నిటికన్నా ఎక్కువగా తిట్లు తింటాడు. పాపం, అతను అన్నం తింటూ కూడా గడియారం చూసుకునే మనిషి. చెప్పిన రోజంటే చెప్పిన రోజే. పైగా నోట్లోంచి అబద్ధం రాదు. చిన్నప్పుడు ఒకరోజు బడి ఎగ్గొట్టి, నిన్న ఎందుకు రాలేదురా అని మేష్టారు అడిగితే, "రాబుద్ధి కాలేదండి" అని చెప్పి వీపు చిట్లగొట్టించుకున్న రకం. ఇలాంటి వాణ్ణి తెచ్చి ముక్కుగారి షాపులో కూర్చోబెట్టిన దేవుడికి హాస్యం బాగానే తెలుసు.

"బావా, శనివారం ఇచ్చేస్తామని మాటిచ్చాను."

"నువ్విచ్చావు. లక్కర్ ఇవ్వలేదుగా."

"పోయిన శనివారం కూడా ఇదే అన్నావు."

"పోయిన శనివారం కూడా వాసన పోలేదు. మాట మీద నిలబడ్డానా లేదా?"

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తారు. బావమరిది వెనక్కొచ్చి కౌంటర్ మీద ఉన్న, తీగలు మీటే పిక్కులన్నీ రంగుల వారీగా సర్దుకుంటూ కూర్చునేవాడు. కోపమొస్తే అతను చేసే పని అదొక్కటే. అందుకే ఆ షాపులో పిక్కులు ఎప్పుడు చూసినా ముచ్చటగా ఉంటాయి.

ఒకసారి ఒక పళ్ళ డాక్టరు తన గిటార్ కోసం తిరిగి తిరిగి, చివరికి ఒక ఎత్తు వేశాడు. ముక్కుగారు మొహం కడుక్కోడానికి వెళ్ళిన సందు చూసి, జేబులోంచి సెంటు సీసా తీసి గిటార్ నిండా కొట్టేశాడు. ఆ ఘాటుకి బావమరిది వరసపెట్టి తుమ్ముతున్నాడు. ముక్కుగారు తువ్వాలుతో వచ్చి ఒకసారి బావమరిది ఎర్రబడ్డ ముక్కు వైపు, ఒకసారి డాక్టరు జేబులోంచి తొంగిచూస్తున్న సీసా మూత వైపు చూశాడు. తర్వాత పద్ధతి ప్రకారం కళ్ళు మూసుకుని పీల్చాడు.

"ఇదివరకు ఒక వాసనే పోవాలి, ఇప్పుడు రెండు," అన్నాడు. "ఇంకో నెల పడుతుంది డాక్టరుగారూ."

ఇంట్లోనూ ఇదే వరస. భార్య ఒక చెక్క బీరువా కావాలని సరదాపడింది. ముక్కుగారు బీరువాల షాపుకి వెళ్ళి, తలుపు తెరిచి తల లోపల పెట్టి పీల్చి, "వార్నిష్ ఆరలేదు, ఆరాక వస్తాం" అని చెప్పి ఆవిణ్ణి వెనక్కి తీసుకొచ్చేశాడు. అలా ఊళ్ళో ఉన్న బీరువాల షాపులన్నీ అయ్యాయి. ఆవిడ చీరలు ఇప్పటికీ ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి.

సరే, అసలు సంగతికి వద్దాం. ఒక గురువారం పొద్దున ఇద్దరు అన్నదమ్ములు ఒక గిటార్ పెట్టెని మోసుకుంటూ షాపులోకి వచ్చారు. ఆ చివర అన్న, ఈ చివర తమ్ముడు. అంత బరువేం కాదు, ఒక్క చేత్తో తేవచ్చు. పెట్టె రెండోవాడి చేతిలో పెట్టడం ఇద్దరికీ ఇష్టంలేక అలా తెచ్చారు. గడప దాటేటప్పుడు పెట్టె అడ్డం పడింది. "కొంచెం నిలువుగా తిప్పు" అని ఒకరితో ఒకరు అనాల్సి వస్తుందని, ఆ మాట అనకుండా ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు. బావమరిది వెళ్ళి తిప్పాడు.

ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఒకప్పుడు ఒకే ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్ళట. తండ్రి ఇద్దరికీ కలిపి కొనిచ్చిన గిటార్ అది. తర్వాత ఎందుకో చెడింది. ఎందుకు చెడిందో ఇద్దరూ వివరంగా చెప్పగలరు గానీ, ఆ రెండు కథల్లో ఒక్క ముక్క కూడా కలవదు. మాటలు మానేసి చాలా ఏళ్ళయింది. ఇల్లు మధ్యలో గోడ కట్టుకున్నారు.

"ఇల్లు పంచుకున్నాం, పెరడు పంచుకున్నాం," అన్నాడు పెద్దాయన బావమరిదితో. "దీన్ని కొయ్యలేం కాబట్టి అమ్మేస్తున్నాం. పాత గిటార్లు పోగేసే ఆయన ఒకాయన ఉన్నాడు. మొదట్లో ఎలా ఉండేదో అలా చేయించి ఇస్తే తీసుకుంటానన్నాడు."

"ఇదొక్కటే మిగిలింది," అన్నాడు చిన్నాయన, ఆయన కూడా బావమరిదితోనే. "ఇదీ పోతే ఇక నాకూ ఈయనకీ పనే లేదు. ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు."

ముక్కుగారు గిటార్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని వింటున్నాడు. అంతవరకూ దాని వెనకభాగం నిమురుతున్న చెయ్యి ఆ మాటకి ఆగిపోయింది. కాసేపు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"మొదట్లో ఏ రంగు?" అని అడిగాడు.

"ఎరుపు," అన్నాడు పెద్దాయన.

"నీలం," అన్నాడు చిన్నాయన.

ఇప్పుడు చూస్తే అది తెల్లగా ఉంది. ముక్కుగారు పక్కనుంచి చిన్న గీకుడు కత్తి తీసుకుని, స్క్రూలు విప్పి, మెడ కూర్చునే గాడి పక్కన కొంచెం గీకాడు. తెలుపు కింద ఎరుపు వచ్చింది. పెద్దాయన గడ్డం పైకెత్తాడు. ఇంకొంచెం గీకితే నీలం వచ్చింది. చిన్నాయన దగ్గాడు. దాని కింద మళ్ళీ ఎరుపు. దాని కింద మళ్ళీ నీలం. ఉల్లిపాయలాగా పొర తీస్తుంటే పొర వస్తూనే ఉంది. తేలిందేమిటంటే, అన్న ఊరెళ్ళినప్పుడల్లా తమ్ముడు నీలం వేసేవాడు, తమ్ముడు జ్వరపడ్డప్పుడల్లా అన్న ఎరుపు వేసేవాడు. ఆ తెలుపు, ఈ పోరు పడలేక వాళ్ళ నాన్న వేసింది.

"ఇదెక్కడి గిటారండీ, ఇంత రంగు మోస్తూ మోగిందంటే గొప్పే," అన్నాడు ముక్కుగారు. "సరే. మొత్తం గీకితే గానీ అసలుది తెలియదు. గురువారం గురువారం రండి. ఇద్దరూ కలిసే రావాలి. ఒక్కరొస్తే నేను గిటార్ కిందకి దించను."

"ఇద్దరెందుకండీ?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఒక్కసారే అన్నందుకు ఇద్దరికీ కోపమొచ్చింది.

"రేపు రంగు తప్పని ఒకరొచ్చి పోట్లాడితే ఎవరిది పూచీ?" అన్నాడు ముక్కుగారు. అది న్యాయంగానే ఉంది మరి.

చివరి పొర ఒక గురువారం బయటపడింది. ఎరుపూ కాదు, నీలమూ కాదు. మధ్యలో తేనె రంగు, అంచులకి పోయేకొద్దీ ముదురు గోధుమ. అన్నదమ్ములిద్దరూ దాని మీదికి వంగారు.

"నాన్న తెచ్చిన రోజు ఇలాగే ఉంది," అన్నాడు పెద్దాయన, ఎవరితోనో తెలియకుండా.

"అవునండీ, ఇలాగే ఉంది," అన్నాడు చిన్నాయన బావమరిదితో.

బావమరిదికి ఆ గిటార్ తెచ్చిన రోజు గురించి ఏమీ తెలియకపోయినా, తల ఊపాడు. ముక్కుగారు అదే రంగు మళ్ళీ వేశాడు. అంచుల దగ్గర ముదురు, లోపలికి వచ్చేకొద్దీ పలచన, ఎక్కడ మారిందో కంటికి తెలియనట్టు. ఆ పనిలో మాత్రం ఆయనకి వంక పెట్టలేం. పైన లక్కర్ కొట్టి, కొక్కేనికి తగిలించాడు. అక్కడ్నుంచి మొదలైంది అసలు భాగోతం.

షాపులో కస్టమర్లు కూర్చోడానికి ఒకే ఒక్క బల్ల ఉంది. మొదటి గురువారం అన్నదమ్ములు దానికి చెరో చివరా కూర్చున్నారు. మధ్యలో పాత స్పీకరు పెట్టె ఒకటి సరిహద్దులాగా ఉంది. ముక్కుగారు వచ్చి, కళ్ళు మూసుకుని పీల్చి, "వాసన పోలేదు" అన్నాడు. ఇద్దరూ లేచి చెరో దిక్కుకీ వెళ్ళిపోయారు, ఇంటికి దారి ఒక్కటే అయినా సరే.

తర్వాత గురువారం ఎండ దంచేస్తోంది.

"ఆయన్ని ఆ ఫ్యాను కొంచెం ఇటు తిప్పమనండి," అన్నాడు చిన్నాయన బావమరిదితో.

"ఫ్యాను కొంచెం అటు తిప్పమంటున్నారండి," అన్నాడు బావమరిది పెద్దాయనతో.

"తిప్పితే నాకు గాలి రాదని చెప్పండి," అన్నాడు పెద్దాయన.

"తిప్పితే ఆయనకి గాలి రాదటండి."

మూరెడు దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య అలా మాటలు మోసీ మోసీ, సాయంత్రానికి బావమరిదికి గొంతు పోయింది. "నా బతుకు టెలిఫోన్ తీగ అయిపోయింది బావా, వాళ్ళ గిటార్ వాళ్ళకిచ్చెయ్," అని బొంగురు గొంతుతో మొరపెట్టుకున్నాడు. ముక్కుగారు వేడినీళ్ళు తాగమన్నాడు.

గురువారాలు గడుస్తున్నాయి. వాసన పోలేదు. ఇవాళా పోలేదు. ఇంచుమించు పోయింది గానీ అడుగున ఉంది. నిన్న పోయింది గానీ వాన పడి మళ్ళీ వచ్చింది. అలా చెప్పిన ఒక గురువారం పెద్దాయనకి ఒళ్ళు మండిపోయింది.

"చూశావా, ఈయన మనిద్దర్నీ వెర్రివాళ్ళని చేస్తున్నాడురా," అన్నాడు.

ఆ 'రా' ఎటు పోవాలో తెలియక గాల్లో ఒక క్షణం ఆగింది. బావమరిది దాన్ని అలవాటుగా అవతలికి చేరవెయ్యబోయాడు, అవసరం లేకపోయింది.

"నేను మొదట్నుంచీ అదే అనుకుంటున్నా అన్నయ్యా," అన్నాడు చిన్నాయన. "మొహం చూస్తేనే తెలియట్లా?"

అక్కడ కట్ట తెగింది. అన్నేళ్ళుగా ఒకరినొకరు తిట్టుకోడానికి దాచుకున్న సరుకంతా తెచ్చి ముక్కుగారి మీద పొయ్యడం మొదలుపెట్టారు. ఒకరు అందుకుంటే రెండోవారు ముగించేవారు. మాట తడబడితే ఇంకొకరు అందించేవారు. ఆర్కెస్ట్రాలో ఎలా వాయించేవాళ్ళో బావమరిదికి ఆ తిట్లు వింటే అర్థమైపోయింది. స్పీకరు పెట్టె ఎప్పుడో బల్ల కిందికి వెళ్ళింది. దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటున్నారు. ఈసారి పెద్దాయన కూతురికి ఏదో సంబంధం వస్తే చిన్నాయన వాకబు చేసి చెబుతాననడం కూడా వినపడింది. ముక్కుగారు మాత్రం ఇవేమీ పట్టనట్టు సాండ్‌పేపర్‌తో ఇంకెవరి గిటార్నో రుద్దుకుంటూ, తిట్టు బాగా పేలినప్పుడు కొంచెం నెమ్మదిగా రుద్దేవాడు.

మధ్యలో నలిగిపోతోంది ఎవరంటే బావమరిదే. గిటార్ కొంటానన్న పెద్దమనిషి రోజు విడిచి రోజు ఫోను చేస్తున్నాడు. ఎప్పుడూ కోటేసుకుని తిరుగుతాడు కాబట్టి షాపులో ఆయన్ని కోటాయన అంటారు. "ఏమయ్యా, నీ మాట నమ్మి ఊరుకున్నాను, అవతల నాకు వేరే గిటార్ ఉంది," అంటాడాయన. నీ మాట అన్నప్పుడల్లా బావమరిది పిక్కులు మళ్ళీ మొదట్నుంచి సర్దుకునేవాడు.

ఒక మధ్యాహ్నం అతను కౌంటర్లో ఉండగా మాడు కంపు గుప్పుమంది. షాపు వెనకే ఇల్లు. అక్క పక్కింటికి వెళ్ళినట్టుంది, పొయ్యి మీద పాలు మరిగి, ఇగిరి, గిన్నె నల్లగా మాడిపోతోంది. వంటింటి గుమ్మానికి వీపు ఆనించుకుని ముక్కుగారు నింపాదిగా స్క్రూలు తుడుచుకుంటున్నాడు. బావమరిది ఆయన్ని దాటుకుని పరిగెత్తి పొయ్యి ఆపేశాడు.

"బావా, నీకు మాడు వాసన రాలేదూ?"

"వచ్చింది. పనిలో ఉన్నాను."

బావమరిదికి అనుమానం తగిలింది. పళ్ళ డాక్టరు సెంటు కొట్టిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఈయన చూసింది సీసానీ నా ముక్కునీ కదా అనుకున్నాడు. మెల్లగా వెళ్ళి, ఒక గుడ్డని రంగులో కలిపే థిన్నర్లో ముంచి తెచ్చాడు. దూరం నుంచి పట్టుకుంటేనే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"బావా, ఒక్కసారి కళ్ళు మూసుకుని ఇది వాసన చూసి చెప్పు."

ముక్కుగారు దర్జాగా కళ్ళు మూసుకున్నాడు. నిండుగా పీల్చాడు. ఆలోచించాడు.

"సబ్బు," అన్నాడు. "కొత్తది."

బావమరిది గుడ్డ అక్కడే పడేసి అక్క కోసం వెళ్ళాడు.

"అక్కా, బావకి ముక్కు పనిచెయ్యదా?"

"నీకిప్పుడా తెలిసింది?" అందావిడ మాడిన గిన్నె తోముతూ. "ఆ లక్కర్ పీల్చీ పీల్చీ ఎప్పుడో పోయింది. లేకపోతే ఇన్నేళ్ళుగా నా వంటని ఆ మనిషి ఎలా పొగుడుతున్నాడనుకున్నావురా?"

ముక్కున వేలేసుకోవడం తప్ప బావమరిదికి ఇంకేం తోచలేదు. తిరిగొచ్చి బావ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వాసనే తెలియనప్పుడు ఆరిందో లేదో నీకెలా తెలుస్తుంది?"

"మెడ గాడిలో గోరు నొక్కి చూస్తాను. గంటు పడకపోతే ఆరినట్టు. ఆ మాత్రం తెలియకుండానే పని చేస్తున్నానా?"

"మరి పళ్ళ డాక్టరు గిటారో? అదెప్పుడో ఆరిపోయి ఉంటుందిగా?"

"ఆరింది. ఆయన చేతికిస్తే ఆ రోజునుంచే సాధన మొదలెడతాడు. ఆయన పక్కింట్లో ఒక పిల్ల పరీక్షలకి చదువుకుంటోంది. వాళ్ళ నాన్న టీ కొట్టు దగ్గర చెప్పుకుని బాధపడ్డాడు. పరీక్షలవగానే ఇచ్చాను కదా."

"ఆ అన్నదమ్ములది?"

ముక్కుగారు స్క్రూలు డబ్బాలో వేసి మూత పెట్టాడు.

"అదీ ఆరింది. చాన్నాళ్ళయింది."

"అంత కాలం నుంచీ నన్ను అబద్ధాలకోరుని చేసి కూర్చోబెట్టావా బావా? ఆరితే ఇచ్చెయ్యాలా లేదా?"

"ఇచ్చేస్తే వచ్చే గురువారం వాళ్ళిద్దరూ ఎక్కడ కూర్చుంటారయ్యా?" అన్నాడు ముక్కుగారు.

బావమరిది లేచాడు.  వెళ్ళి పిక్కులు సర్దుదామంటే అవి పొద్దున్నే సర్దేసి ఉన్నాయి. ఊరికే కౌంటర్ వెనక నిలబడి ఖాళీగా ఉన్న బల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు ఎవరో తీగలు కావాలని వస్తే, బెల్టు ఇచ్చి పంపించాడు.

ఆ వెంటనే వచ్చిన గురువారం కోటాయన స్వయంగా దిగాడు. అన్నదమ్ములు అప్పటికే బల్ల మీద ఉన్నారు. ఏదో పాత కచేరీలో తబలా ఆయన పంచె ఊడిపోయిన సంగతి చెప్పుకుంటూ నవ్వుకుంటున్నారు. కోటాయన్ని చూడగానే నవ్వు ఆగిపోయింది.

"ఇవాళ ఇస్తే పట్టుకెళ్తాను. లేదా ఆ రెండోది కొనేస్తాను. మళ్ళీ మీ మొహం చూడను," అన్నాడు కోటాయన.

ముక్కుగారు పద్ధతి ప్రకారం కళ్ళు మూసుకుని పీల్చాడు. "వాసన పోలేదండి," అన్నాడు.

"తప్పుకోండి, నేను చూస్తాను," అని కోటాయన ముందుకొచ్చి తనే వాసన చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. "ఏ వాసనా లేదే," అన్నాడు.

ముక్కుగారికి ఎన్నడూ మాట తడుముకోవలసిన అవసరం రాలేదు. ఆ రోజు వచ్చింది. "నా ముక్కుకి తెలుస్తోందండి," అన్నాడు గానీ, గొంతులో పస లేదు. బావమరిది ఆయన మొహం చూశాడు. పట్టుబడ్డానన్న బెంగ లేదు అందులో. వీళ్ళ గిటార్ పోతోందే అన్న దిగులు ఒక్కటే ఉంది.

"మీ ముక్కు సంగతి నాకెందుకు? సొంతదారులున్నారుగా, వాళ్ళే చెప్పనీ," అని కోటాయన పెద్దాయన వైపు తిరిగాడు.

పెద్దాయన లేచాడు. కొక్కెం దగ్గరికి వెళ్ళి గిటార్ మీదికి వంగాడు. వంగినవాడు ఎంతకీ లేవడే. తేనె రంగు మెరుపులో ఆయన మొహం అద్దంలోలాగా మసకగా కనపడుతోంది. దాని పక్కనే, వెనక బల్ల మీద కూర్చున్న తమ్ముడి మొహం కూడా.

"ఉందండి," అన్నాడు పెద్దాయన లేచి నిలబడి. "కొంచెం ఉంది."

చిన్నాయన వచ్చాడు. ఆయన వంగను కూడా వంగలేదు.

"కొంచెమేంటి అన్నయ్యా, గుప్పుమంటుంటే," అన్నాడు.

కోటాయన ఇద్దర్నీ ఎగాదిగా చూసి, ఇదేదో నాటకంలాగా ఉందనుకున్నట్టున్నాడు. బావమరిదిని పిలిచాడు. "నువ్వు చెప్పవయ్యా. ఈ కొంపలో నేను నమ్మేది నీ ఒక్కడి మాట. ఉందా, లేదా?"

బావమరిది కౌంటర్ దాటి వచ్చాడు. గిటార్ దగ్గర నిలబడి పీల్చాడు. శుభ్రంగా, ఏ వాసనా లేదు. పాత చెక్క వాసన ఏదో లీలగా ఉంది, అంతే. లేదండి అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. వెనక ముక్కుగారు ఊపిరి బిగబట్టాడు. అన్నదమ్ములు ఒకరి భుజం ఒకరికి తగిలేలా నిలబడి ఉన్నారు, తగులుతున్నట్టు ఇద్దరికీ తెలియదు.

"బాబోయ్, కళ్ళు మండిపోతున్నాయండి," అన్నాడు బావమరిది. "ఈ ఏడాదికి ఆరదు."

నిజంగానే అతని కళ్ళు కాస్త ఎర్రబడ్డాయి. కోటాయన వాటిని చూసి నమ్మేశాడు. గొణుక్కుంటూ, ఆ రెండో గిటార్ కొనుక్కోడానికి వెళ్ళిపోయాడు.

 బావమరిది తన జీవితంలో మొదటి అబద్ధం ఆడి, చెమట తుడుచుకుంటున్నాడు. అనుకున్నంత కష్టంగా లేదే అని అతనికి కొంచెం భయం కూడా వేసింది.

"ఇప్పుడు తీగలు బిగించొచ్చా?" అని అడిగాడు పెద్దాయన మెల్లగా.

"బిగించొచ్చు," అన్నాడు ముక్కుగారు.

"మరి వాసన?"

"ఏం వాసన?" అన్నాడు ముక్కుగారు, అమాయకంగా.

తీగలు బిగించి యాంప్లిఫయర్‌కి తగిలించారు. పెద్దాయన ఒళ్ళో పెట్టుకుని తీగ మీటుతుంటే, చిన్నాయన పక్కనుంచి చెయ్యి చాపి మరలు తిప్పుతూ శ్రుతి చేశాడు. ఆ రోజుల్లో అలాగే చేసేవాళ్ళట, ఒకరు మీటడం, ఒకరు తిప్పడం. ఇద్దరి వేళ్ళూ బాగా తుప్పుపట్టాయి. వాయించిన పాట ఏమిటో వీధిలో ఎవరూ పోల్చుకోలేకపోయారు. మధ్యలో ఆపి, తప్పు నీదంటే నీదని వాదించుకుని, మళ్ళీ మొదటి నుంచి వాయించారు. లోపల్నుంచి ముక్కుగారి భార్య వచ్చి గుమ్మానికి ఆనుకుని విన్నది.

ఇక పట్టుకెళ్ళడమే తరువాయి అనుకుని బావమరిది పెట్టె తెచ్చి తెరిచి పెట్టాడు. అక్కడ వచ్చింది చిక్కు.

"నీ ఇంట్లో ఉంచురా," అన్నాడు పెద్దాయన.

"నా దగ్గరెందుకన్నయ్యా, నీ దగ్గరుండనీ. పెద్దవాడివి."

"నేను చెబుతున్నానా, పట్టుకెళ్ళు."

"అబ్బే, కుదరదు. నేను ముట్టుకోను."

గొంతులు లేచాయి. చూస్తుండగానే నాన్న నీకిచ్చాడంటే నీకిచ్చాడని మొదలైంది. బావమరిది పెట్టె పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడి ఇటూ అటూ తిరుగుతున్నాడు. చివరికి, ఇది ఇవాళ తేలేది కాదు, వచ్చే గురువారం మాట్లాడుకుందామని, ఒకర్నొకరు దెప్పుకుంటూ ఒకే దారిన నడిచి వెళ్ళిపోయారు. గిటార్ అక్కడే ఉండిపోయింది.

ఆ పంచాయితీ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ప్రతి గురువారం వస్తారు, కాసేపు వాయిస్తారు, కాసేపు కొట్లాడుకుంటారు, వదిలేసి వెళ్తారు. మొన్న ఒక గురువారం చిన్నాయన కొంచెం మెత్తబడ్డట్టు కనపడేసరికి బావమరిది పరుగున బావ దగ్గరికి వెళ్ళాడు.

"బావా, ఆయన ఒప్పేసుకునేలా ఉన్నాడు. పట్టుకెళ్ళిపోతే ఎలా?" అని గుసగుసలాడాడు.

ముక్కుగారు గిటార్ని కొక్కెం మీంచి దించి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ అంచున రంగు కాస్త పలచబడినట్టు లేదూ?" అన్నాడు. "ఆ స్ప్రే గన్ ఇలా అందుకో."